ఒక్కాకు రాలని జపాను చెట్టు

మార్కాపురంలో కంభం పోయే రోడ్డు పక్కన, పలకల ఫ్యాక్టరీకి ఎదురుగా ఒక టీ అంగడి ఉంది. అక్కడ టీలో చక్కెర తక్కువైనా ఎవరూ అడగరు. ఓబులేసు ఇంటి పంచలో కూర్చుని ఉంటే చాలు, చప్పటి టీ కూడా తియ్యగా దిగుతుందంటారు. టీ పెట్టేది ఆయన భార్య వెంకటసుబ్బులమ్మ. మాట్లాడేది ఆయన. పెండ్లయిన ఇరవై ఆరేండ్ల నుంచి ఇంట్లో పని అట్లనే పంచుకున్నారు.

శ్రావణ మాసం. పొద్దున పది దాటింది. వెంకటసుబ్బులమ్మ అప్పటికి నాలుగుసార్లు రోడ్డు వైపు చూసింది. గిద్దలూరు బస్సు పదకొండుకు వస్తుంది. అందులో కూతురు హరిత వస్తుంది. మదనపల్లె దగ్గర నర్సరీలో పనికి చేరినాక పాప ఇంటికి రావడం ఇదే మొదలు. పది నెలలైంది.

వస్తూనే బ్యాగు పడేసి పెరట్లోకి పోతుంది. అది తల్లికి తెలుసు. పెరట్లో పలకలతో కట్టిన పందిరి ఉంది. పందిరి కింద ఏమీ లేదు. ఆ సంగతి మొగుడూ పెండ్లాలిద్దరికే తెలుసు.

తెల్లారి లేస్తూనే ఆమె అనింది, "ఈ రోజు నేనే చెప్తా."

"నువ్వేం చెప్పబాక. నేను చూసుకుంటాలే," అన్నాడు ఓబులేసు.

చూసుకోవడం అంటే మాట్లాడటం. ఆయనకు వేరే చూసుకోవడం తెలియదు.

ఇప్పుడు ఆటో రాజేష్ టీ గ్లాసు అందుకుంటూ కెలికినాడు. "మామా, హరిత వస్తుందంట కదా. ఈ రోజన్నా ఆ జపాను చెట్టు మాకు చూపిస్తావా, మళ్లా దిష్టి తగులుతుందంటావా?"

"నీ కండ్లు మంచివి కావురా అల్లుడా. నువ్వు బాగుందన్న బండి మూడో రోజే మూలకు పడింది. చలికాలం నుంచి నా పెరటి తలుపుకు గొళ్లెం ఎందుకు పెట్టినాననుకున్నావు?"

రిటైరైన బస్సు కండక్టరు వీరాంజనేయులు పేపరు మడిచి పక్కన పెట్టినాడు. ఫ్యాక్టరీలో పలకలు నున్నగా రుద్దే చెంచులక్ష్మి తల మీద బూడిదరంగు దుమ్ముతోనే వచ్చి బండ మీద కూర్చుంది. ఇంక మొదలవుతుందని అందరికీ తెలుసు.

"అసలు ఆ చెట్టు ఈ ఊళ్లో ఎట్ల బతికిందో తెలుసా మీకు?"

"నెలకు మూడుసార్లు తెలుస్తాది. మళ్లా చెప్పు బావా," అన్నాడు వీరాంజనేయులు.

ఓబులేసు కాలు మీద కాలేసుకున్నాడు. రోడ్డుకు వీపు, జనానికి ముఖం. మాట్లాడేటప్పుడు ఆయన కూర్చునే తీరే అది.

"మొదట అది ఎంత ఉండేదనుకున్నారు? జానెడు. మా పాప తోటల డిప్లొమా చదివేటప్పుడు కాలేజీ వాళ్లు పిల్లోళ్లందరినీ ఊటీ తీసకపోయినారు, అందరూ చాక్లెట్లు తెచ్చుకుంటే ఇది నల్ల ప్లాస్టిక్ కవరులో జానెడు మొక్క పట్టుకొచ్చింది, జపాను మేపులంట, ఆకు చూస్తే పసిబిడ్డ అరచెయ్యే, ఐదు వేళ్లు, గోరింటాకు పండినట్టు ఎర్రగా. ఇది చలిదేశం మొక్క నాయనా, మధ్యాహ్నం ఎండ తగిలితే మాడిపోతాది, పూర్తిగా నీడలో పెడితే రంగు రాదు, దీనికి సగం నీడ కావాల అనింది. సగం నీడ! మార్కాపురంలో! మన ఊళ్లో నీడకే ఇంకో నీడ కావాల, అది కూడా చెమట తుడుచుకుంటా ఉంటాది. ఇంక సగం నీడ యాడ తెచ్చేది?"

"అది మాత్రం నిజమే అన్నా," అనింది చెంచులక్ష్మి.

"నేనెప్పుడన్నా నిజం తప్పినానా చెల్లెమ్మా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను ముప్పై ఏండ్లు పలకలు కోసిన వాణ్ణి. ఫ్యాక్టరీలో అంచు విరిగిన పలకలు కుప్ప పోసి ఉంటే ఒక్కొక్కటే మోసుకొచ్చి, నాలుగు గుంజలు పాతి, పందిరేసినా. పలకకు పలకకు మధ్య సందు. ప్రతి పలకకూ చిల్లులు. ఐదు రూపాయల బిళ్ల పట్టేటంత చిల్లు. పొద్దున ఎండ పడితే చెట్టు మీద బిళ్లలు బిళ్లలుగా వెలుతురు. పదకొండు దాటితే చుక్క ఎండ రాదు."

వెంకటసుబ్బులమ్మ పాలు పొంగకుండా మంట తగ్గించింది. ఇంతవరకు నిజమే. మూడు వారాలు కట్టినాడాయన. వేళ్లు చీరుకుపోయినాయి. మొదటిరోజు పొద్దున ఆ వెలుతురు బిళ్లలు ఎర్రాకు మీద పడితే, ఆమె చేతిలో చెంబు అట్లనే పట్టుకుని నిలబడి చూసింది. మొగుడు కట్టిన వాటిలో కోత లేనిది ఆ పందిరి ఒక్కటే.

"చూడండి, సాక్ష్యం కూడా ఉంది," అని ఓబులేసు పంచ గుంజకు తగిలించిన పలక వైపు చెయ్యి చూపించినాడు. "చెట్టు పక్కన నేను పెట్టిన బోర్డు ఇది."

అందరూ వంద సార్లు చదివినదే. చెక్క ఫ్రేము లేని వట్టి పలక. బలపంతో నాలుగు వరుసలు.

రోజూ పొద్దున రెండు చెంబులు.
మధ్యాహ్నం ఎండ తగలనివ్వొద్దు.
మొదలు దగ్గర తవ్వొద్దు.
జపాను చెట్టు. తాకరాదు. ఇట్లు, ఓబులేసు.

పై మూడు వరుసలు గుండ్రటి సన్న అక్షరాలు. నాలుగోది ఏనుగులంత.

పై మూడూ హరిత రాసింది. ఎందుకు రాసిందో వెంకటసుబ్బులమ్మకు తెలుసు. పాప పోయే ముందు తొమ్మిది రోజులు తల్లీకూతుళ్లకు మాటల్లేవు. "డిప్లొమా చదివి పేడ మట్టి పిసకడానికి అంత దూరం పోతావా?" అని ఆమె ఒక్క మాట అనింది. తక్కువ మాట్లాడే వాళ్లు అనే ఒక్క మాట లోతుగా దిగుతుంది. పాప తిరిగి ఏమీ అనలేదు. పోయే రోజు పొద్దున, చెప్పాల్సిన జాగ్రత్తలు నోటితో చెప్పకుండా పలక మీద రాసి చెట్టు దగ్గర పెట్టి, నాయన వెంట బస్సెక్కడానికి పోయింది. తల్లి వంటింట్లోనే ఉండిపోయింది. వారం రోజులు ఆ పలక వైపు కూడా పోలేదు. పౌరుషం. ఆ వారం నీళ్లు ఓబులేసే పోసినాడు. తర్వాత ఆమె కూడబలుక్కుంటా చదివింది. అప్పటికే నాలుగో వరుసలో మొగుడి పేరుంది. నవ్వుకుంది కూడా.

"సరే మామా, పందిరేసినావు. నీళ్లు? మన బోర్ల నీళ్లకు మనుషులకే పండ్లు పచ్చబడతాయి," రాజేష్ వదల్లేదు.

"అడిగినావు చూడు! అదే అడగాల. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ట్యాంకరు నీళ్లు పోస్తే చెట్టు మూతి తిప్పుకుంది. నిజంగా తిప్పుకుందిరా, కొమ్మ ఇట్ల గోడ వైపుకు తిప్పి పెట్టింది. నేనేం చేసినా, మొదలు చుట్టూ పలక ముక్కలు పరిచినా. రాత్రి చలికి, పగలు ఎండకి ఆ ముక్కలకు చెమట పట్టింది. మన పలకరాయి చెమట అంటే తేనె. ఒక్కో ముక్కకు గుక్కెడు, పొద్దునకల్లా రెండు బిందెలు! చెట్టు తాగంగా మిగిలినవి మేం ఇంట్లోకి వాడుకున్నాం."

"అందుకేనా అన్నా, మొన్న ట్యాంకరు కాడ బిందెలతో మా వెనక నిలబడినావు?" అనింది చెంచులక్ష్మి.

"అది మొహమాటానికి నిలబడినా. మనకొక్కరికే నీళ్లున్నట్టు కనపడితే బాగుండదని."

వీరాంజనేయులు టీ పొలమారి దగ్గినాడు.

"కార్తీకం వచ్చేసరికి చూడాల ఆ ఎరుపు! ఎంతెరుపంటే, పెరట్లో తెల్ల పంచె ఆరేస్తే గులాబీ రంగయి వచ్చేది. ఒకరోజు సాయంత్రం ఏమైందో తెలుసా? గూడ్సు బండొకటి మార్కాపురం రోడ్డు స్టేషను దాటి, ఇంకా స్పీడు అందుకోకముందే కీచుమని ఆగిపోయింది. డ్రైవరు దిగినాడు. యాడా గేటు లేదు, సిగ్నలు లేదు, ఎర్ర లైటు మాత్రం కనపడతా ఉంది. ఆ వెలుగు పట్టుకుని నడుచుకుంటా నడుచుకుంటా వచ్చినాడు. వచ్చి యాడ తేలినాడు? మా పెరటి గోడ కాడ!"

"ఆగు బావా. స్టేషను ఆడుంది, నీ పెరడు ఈడుంది. మధ్యలో ఊరు ఊరే ఉంది. నేను ఇరవై ఏండ్లు ఆ రోడ్డు మీద టికెట్లు కొట్టినోణ్ణి."

"అదే కదయ్యా నేను చెప్పేది! అంత దూరం కనపడింది! ఆయన, మీ చెట్టు మీద దుప్పటి కప్పండి సార్, బండ్లు వెనక వరసగా నిలబడిపోయినాయి అని చేతులు పట్టుకున్నాడు. దుప్పటి కప్పినా. ఎరుపు దుప్పట్లో నుంచి కూడా వస్తా ఉంది. ఇంక రెండో దుప్పటి, మూడో దుప్పటి. నాలుగో దుప్పటికి పసుపురంగు కనపడింది, ఐదోదానికి పచ్చ. అప్పుడు కదిలినాయి బండ్లు. వాళ్ల పెద్దాఫీసరు నన్ను సిగ్నలు ఉద్యోగంలోకి రమ్మన్నాడు. నేనే పోలేదు. టీ అంగడి ఎవరు చూసుకుంటారు?"

"అవునవును. అంగడంతా నీ మీదనే నడుస్తుంది," అన్నాడు రాజేష్, పొయ్యి దగ్గరున్న అత్త వైపు చూసి నవ్వుతూ.

అత్త నవ్వలేదు. ఆమెకు ఆ ఎరుపు గుర్తొచ్చింది. కార్తీకంలో ఆకు నిజంగానే మండినట్టు ఎర్రబడింది. పాపకు ఫోను చేసి చెప్పాలని రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుంది. పాప చేస్తే మాట్లాడదామని కింద పెట్టింది. పాప చేసేది నాయనకు.

తర్వాత పుష్యమాసంలో ఆకు రాలడం మొదలైంది. ఒకటి, రెండు, తర్వాత రోజుకు గుప్పెడు. నీళ్లు తక్కువైనాయని మూడో చెంబు పోసింది. వేపపిండి చల్లింది. ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీసింది. ఆకు ఆగలేదు. పదిహేను రోజులకు వట్టి పుల్ల మిగిలింది. తన చెయ్యి మంచిది కాదనుకుంది. పాప మీద కోపం పెట్టుకుని పోసిన నీళ్లు చెట్టుకు పారలేదనుకుంది.

ఓబులేసు అప్పుడు ఊళ్లో లేడు. వెలిగండ్లలో అక్క కొడుకు ఇల్లు కడుతుంటే గచ్చుకు పలకలు పరచడానికి పోయి నెల ఉండిపోయినాడు. ఆమె ఫోనులో చెప్పలేదు. ఏమని చెప్పాల?

ఒకరోజు పొద్దున ఆ పుల్లను చూడలేక పీకేసింది. పొయ్యిలోకి పెడదామని మోకాలి మీద విరిచింది.

ఎండుపుల్ల టక్కున విరుగుతుంది. అది విరగలేదు. చీలింది. లోపల పచ్చగా ఉంది. తడిగా ఉంది. దోసకాయ తరిగిన వాసన.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" పంచలో గొంతు లేచింది. "ఇంక పెరగడం మొదలుపెట్టింది. పందిరి దాటింది. ఇంటి కప్పు దాటింది. పాప రోజూ ఫోనులో ఫొటో పంపు నాయనా, ఫొటో పంపు నాయనా అంటాది. తీస్తా ఉంటే మొదలు వస్తే కొన రాదు, కొన వస్తే మొదలు రాదు. ఫోన్లో పట్టట్లేదమ్మా అని చెప్పినా. పెద్ద ఫోను కొంటే పంపుతా అన్నా."

ఆ ఫొటో మాట కోత కాదు. పాపతో నిజంగానే అట్లన్నాడు. పక్కనే ఉండి వినింది వెంకటసుబ్బులమ్మ. అవతల పాప నవ్వు కూడా వినపడింది.

"ఎండాకాలం సంగతి చెప్పన్నా. మా మేక సంగతి," చెంచులక్ష్మి అందించింది. ఆమెకు అది ఇష్టం.

"ఆ! ఈమె మేక గోడ దూకి చెట్టు నీడలో అరగంట పడుకుంది. రోహిణి కార్తె! రోడ్డు మీద తారు కారుతా ఉంది. మేక లేచేసరికి తుమ్ములే తుమ్ములు. పశువుల డాక్టరు థర్మామీటరు పెడితే పాదరసం భయపడి కిందికే పోయింది. తర్వాత నాకు అనుమానం వచ్చి బర్రెను తీసుకపోయి కట్టేసినా. సాయంత్రం పాలు పిండితే చెంబులో టంగుమని శబ్దం. ఏందబ్బా అని చూస్తే, ఐసు! పాలు గడ్డలు గడ్డలుగా పడతా ఉన్నాయి. ఇంత చక్కెర వేసి పుల్ల గుచ్చితే పుల్లైసు!"

"నీకు బర్రె యాడుంది బావా?"

"పక్కింటోళ్లది. అందుకే పుల్లలు నావి, లాభం వాళ్లది."

పంచంతా నవ్వింది. రాజేష్ బండ మీద చరిచినాడు. దూరంగా బస్సు హారన్ మోగింది. వెంకటసుబ్బులమ్మ తలెత్తింది.

బస్సు పది నిమిషాలు ముందే వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగింది. చున్నీ తలకు చుట్టుకుని, వీపున బ్యాగు, భుజాన ఒక గోనెసంచి పెట్టుకుని హరిత దిగింది. సంచి బరువుకు ఒక పక్కకు వంగి నడుస్తా ఉంది. చిక్కింది. నల్లబడింది.

తల్లి గరిటె కింద పెట్టి ఎదురు పోబోయింది. హరిత దూరం నుంచే పెదవుల మీద వేలు పెట్టింది. చెప్పొద్దు అని. నాయన వీపు వెనక, పంచ గుంజ పక్కన సంచి దించి నిలబడింది. తల్లి మీద కోపం ఆ ముఖంలో లేదు. నవ్వు ఉంది.

"చివరిది చెప్తా వినండి. ఇది చాలామందికి తెలియదు," ఓబులేసు గొంతు తగ్గించినాడు. గొంతు తగ్గించినాడంటే పెద్దదే వస్తుందని అర్థం. "మన ఫ్యాక్టరీకి పలకలు కొనడానికి బయట దేశాల వాళ్లు వస్తారు కదా, అట్ల ఒక జపానాయన వచ్చినాడు. కోటు, టై. గోడ మీద నుంచి చెట్టు కనపడింది. అంతే, కోటు తీసి చంకలో పెట్టుకుని ఏడుపందుకున్నాడు. ఏందయ్యా అంటే, మా దేశంలో కూడా ఇంత చెట్టు లేదు ఓబులేసు గారూ అన్నాడు."

"తెలుగులోనా మామా?"

"ఏడుపు తెలుగులో, మాటలు జపానులో. నడుం ఇట్ల వంచి మూడుసార్లు దండం పెట్టినాడు. నాకు కాదు, చెట్టుకు. ఒక్క కొమ్మ ఇవ్వండి, విమానంలో పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పోతా అన్నాడు."

హరిత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతా ఉంది. నమ్మి కాదు. నాయన చెప్పిన దాంట్లో పదోవంతు తీసుకుంటే నిజం దొరుకుతుందని ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి లెక్క. పదోవంతైనా చాలు. చెట్టు మోకాలి దాకా పెరిగి ఉంటుంది. ఎర్రగా ఉంటుంది. అమ్మ నీళ్లు పోసింటుంది. ఆ నవ్వులో అదంతా తల్లికి కనపడింది.

"ఏమయ్యా," అనింది వెంకటసుబ్బులమ్మ. "చాలు."

ఆమె చాలు అంటే ఆగిపోయే మనిషైతే ఊళ్లో ఇంత పేరు రాదు.

"ఉండే! అసలు మాట ఇంకా రాలేదు. ఆ జపానాయన చెట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని నేల వెతికినాడు. వెతికినాడు, వెతికినాడు. ఒక్క రాలిన ఆకు దొరికితే గుర్తుగా పర్సులో పెట్టుకుంటాడంట. దొరికితేనా! ఒక్కాకు లేదు. ఈ పది నెలల్లో, ఎండకు గానీ వానకు గానీ చలికి గానీ ఆ చెట్టు ఒక్కటంటే ఒక్కాకు రాల్చలేదు! అది నేను పెంచిన చెట్టు!"

హరిత నవ్వు ఆగిపోయింది.

చున్నీ ముఖం మీద నుంచి జారింది. ఒక్క క్షణం ఏదో కూడుకుంటున్నట్టు నిలబడింది.

"చలికాలంలో కూడా రాలలేదా నాయనా?"

ఓబులేసు తిరిగి చూసినాడు. కూతుర్ని చూసిన సంతోషం ముఖమంతా పాకింది. లేచినాడు. మాట మాత్రం ఇంకా పాత దారిలోనే ఉరుకుతా ఉంది. "వచ్చినావా అమ్మా! చలికాలంలో కూడా! ఒక్కటి కూడా!"

"అయితే లేదన్న మాట," అనింది హరిత.

"ఏంది లేదు?"

"చెట్టు. అది ఆకు రాల్చే చెట్టు నాయనా. చలికి అంతా రాల్చుకుని పుల్లలాగా నిలబడాల. రాలిస్తేనే మళ్లా వేస్తాది. అది ఉండింటే ఆ రాలడం మీదనే ఒక కథ చెప్పేవాడివి. ఆకు రాల్చలేదంటే, పుష్యమాసం నాటికి అది లేదు."

రాజేష్ నవ్వడానికి నోరు తెరిచి, హరిత ముఖం చూసి మూసినాడు. చెంచులక్ష్మి కొంగుతో తల దుమ్ము దులుపుకుంటున్న చెయ్యి అట్లనే ఆపింది.

ఓబులేసు చెయ్యి గాలిలో ఉంది.

వెంకటసుబ్బులమ్మ స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని పంచలోకి వచ్చింది.

"నేను చెప్తా. ఆకు రాలింది. చచ్చిందనుకున్నా. పీకినా. విరిచినా. లోపల పచ్చగా ఉంది."

అంతే. ఇంకో మాట కలిపింది. "మళ్లా పాతినా. పన్నెండు రోజులు నీళ్లు పోసినా. రాలేదు."

ఏడు నెలలు గొంతులో పెట్టుకున్న కథ. చెప్పడానికి అర నిమిషం పట్టలేదు.

హరిత కోప్పడలేదు. తల్లి దానికే సిద్ధపడింది, అది రాలేదు. పిల్ల అయోమయంగా చూసింది. "రాసి పెట్టిపోయినా కదమ్మా."

"చదివినా. నీళ్లు, ఎండ, తవ్వొద్దు. మూడూ చేసినా."

"నాలుగు రాసినా."

ఎవరూ ఏమీ అనకముందే హరిత గుంజకున్న పలక చూసింది. దగ్గరికి పోయి చదివింది. పై మూడు వరుసల మీద వేలు పెట్టి కిందికి వచ్చింది. నాలుగో వరుస దగ్గర వేలు ఆగింది. జపాను చెట్టు. తాకరాదు. ఇట్లు, ఓబులేసు.

"ఇది కాదు," అనింది.

వెంకటసుబ్బులమ్మ ఆ వరుస వైపు చూసింది. బలపం చెరిగిపోతున్నప్పుడల్లా ఆమే ఆ అక్షరాల మీద మళ్లా దిద్దింది. పాప చేతిరాత పోకూడదని. మూడు వరుసలూ దిద్ది, వదిలెయ్యడమెందుకని నాలుగోది కూడా దిద్దింది. ఎన్నిసార్లు దిద్దిందో. ఏనుగులంత అక్షరాలు.

ఆమెకు ఒక పూట గుర్తొచ్చింది. వెలిగండ్ల నుంచి ఓబులేసు వచ్చిన పూట. చీలిన కొమ్మ ఆయన ముందు పెట్టి, ఇట్ల చేసినానయ్యా అని చెప్పింది. ఆయన కొమ్మ చూసినాడు. పెరట్లోకి పోయి పలక ముందు కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా మాట లేదు. ఇరవై ఆరేండ్లలో ఆయన మాట్లాడకుండా కూర్చున్న పూట అదొక్కటే. తన మీద కోపమేమో అనుకుందామె. తర్వాత లేచి, "పోనీలే. పాపకు నేను చెప్పుకుంటాలే," అన్నాడు. తను చేసిన తప్పు కప్పడానికే ఆయన అబద్ధాలాడుతున్నాడని నమ్మి, ఆ రోజు నుంచి ఆయన ఎన్ని కోతలు కోసినా ఒక్కదానికీ అడ్డం రాలేదు. లోపల్లోపల దండం కూడా పెట్టుకుంది.

"ఏమయ్యా," అనింది. "ఇక్కడ ఏముండేది?"

ఓబులేసు పలక దించినాడు. బండ మీద పెట్టి, టీ గ్లాసులు కడిగే నీళ్లలో బొటనవేలు ముంచి, తన పేరు తుడిచినాడు. జపాను చెట్టు తుడిచినాడు. వరుసంతా నల్లగా, తడిగా అయింది. ఆరేదాకా ఊదినాడు. జేబులో బలపం ముక్క ఉంటుంది, పలకల మనిషి కదా. తీసి, వంగి రాయడం మొదలుపెట్టినాడు.

పెద్ద అక్షరాలు కాదు. సన్నవి.

చలికాలం ఆకంతా రాలుతుంది. చచ్చిందనుకోవద్దు అమ్మా. గోరుతో గీకి చూడు, పచ్చగా ఉంటే బతికే ఉంది.

హరిత చదివింది. "ఇదే," అనింది. "ఇదే రాసినా."

ఒక్క అక్షరం తేడా లేదు. ఒకే గూడ్సు బండిని చెప్పినప్పుడల్లా మూడు బండ్లు చేసే మనిషి, పది నెలల కింద ఒక్కసారి చదివిన మాటను ఉన్నదున్నట్టు దించినాడు. అమ్మా అనే పిలుపుతో సహా.

వెంకటసుబ్బులమ్మ ఆ పిలుపు దగ్గరే ఆగిపోయింది. మాటల్లేని తొమ్మిది రోజుల తర్వాత పాప తనను పిలిచిన మాట అది. తను చూడకముందే తుడిచిపెట్టుకుపోయింది.

"ఎందుకు తుడిచినావయ్యా?"

ఓబులేసు పలక వైపే చూస్తా ఉన్నాడు. "అప్పుడు జనం చూడడానికి వస్తా ఉన్నారు కదా. ఆకంతా రాలిపోతాదని చదివితే... ఇంతేనా ఓబులేసు చెట్టు అంటారని." పలక అంచు వేలితో తడిమినాడు. "నీకు నోటితో చెప్దాంలే అనుకున్నా. మర్చిపోయినా."

"ఊరందరికీ చెప్పినావు."

"చెప్పినా."

"నాకు చెప్పాల్సింది ఒక్క మాట."

ఆయన బలపం ముక్క జేబులో పెట్టుకున్నాడు.

"నేనన్నా నోటితో చెప్పింటే పోయేది," అనింది హరిత మెల్లగా. "కోపంతో రాసినా."

"నేనన్నా ఆ రోజే చదివింటే పోయేది," అనింది తల్లి.

హరిత గుంజ పక్కనున్న గోనెసంచి ఎత్తబోయింది. తల్లి సంచి రెండో కొస పట్టుకుంది. బరువుగా ఉంది.

"ఏముంది ఇందులో?"

"ఆకుల ఎరువు. నర్సరీలో రాలిన ఆకంతా కుళ్లబెట్టి చేసినా. దానికోసమే."

ఇద్దరూ సంచి మోసుకుంటా ఇంట్లోకి పోయినారు. పెరటి తలుపు గొళ్లెం తీసిన చప్పుడు వినపడింది. ఏడు నెలల తర్వాత.

పంచలో ఓబులేసు పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముఖం రోడ్డు వైపుంది, వీపు జనానికి. టీలు చల్లారినాయి. రాజేష్, చెంచులక్ష్మి, వీరాంజనేయులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు.